బొమ్మలతో వైద్యము చేయువారి విషయమై ఒక విన్నపము

జాతీయ అనుబంధ, ఆరోగ్యసంరక్షణ వృత్తుల కమిషను అధ్యక్షులవారి సముఖమునకు,

2021వ సంవత్సరము మార్చి నెలలో పార్లమెంటు ఆమోదమును, రాష్ట్రపతి సమ్మతిని పొంది, ఆ యేటి 14వ చట్టముగా వెలువడి, తమ కమిషనుకు ప్రాణము పోసిన శాసనమునకు తుదిని ఒక పట్టిక చేర్చబడియున్నది. అందు ఏడవ వర్గములో, పర్యావరణ పరిరక్షణాధికారులును, పాదరోగ చికిత్సకులును, బాధానివారక సేవ చేయువారును కూర్చున్న పంక్తిలోనే, కదలికల ద్వారా చికిత్స చేయువారు అను నొక పద్దు కలదు. ఆ పద్దు ప్రక్కన కుండలీకరణములలో, కళ, నృత్యము, వినోదము సాధనములుగా చికిత్స చేయువారును ఇందులోనివారే యని వ్రాయబడినది. రంగులు, మట్టి, కాగితము ఆధారముగా మనోవ్యథకు ఉపశమనము కలిగింతుమని చెప్పుకొను వృత్తివారికి ఈ చట్టమున లభించిన స్థానము ఆ కుండలీకరణ మొక్కటియే. పెండ్లికి పిలిచి అరుగుమీదనే కూర్చుండబెట్టిన చుట్టమువలె వారు నేటికిని లోపలివారో వెలుపలివారో తెలియకయున్నారు. వారి మర్యాదను గుఱించి నాకంత చింత లేదు; వారి యెదుట కాగితము పట్టుకొని కూర్చుండు రోగి గతి యేమగునన్నదే నా చింత. ఆ చింతయే ఈ లేఖకు కారణము.

నేను జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో పిల్లలకు బొమ్మలు వేయుట నేర్పి విరమించినవాడను. వైద్యుడను గాను, న్యాయవాదిని గాను. అయినను ఈ విషయమున తమకు వ్రాయుటకు నాకును కొంత అర్హత గలదని తలచుచున్నాను. ఏలయనగా, మా ప్రాంతమున ఒక బడిపిల్లవానికి మట్టికుండ నీడ యెటు పడునో చూపవలెనన్నను, డ్రాయింగు లోయరు పరీక్ష, దానిమీద హయ్యరు పరీక్ష, ఆపైని ఉపాధ్యాయ శిక్షణ పత్రము, ఇన్నింటిని చేతబట్టుకొని ప్రభుత్వము వాకిట నిలువవలసి యుండెను. నేను తప్పు నేర్పితినా, ఆ నీడ కుడిప్రక్కకు బదులు ఎడమప్రక్కను పడును. అంతకు మించిన ఉపద్రవ మేమియు లేదు. కాని ఆ పిల్లవాడే తండ్రిని పోగొట్టుకొని మాటలుడిగి కూర్చున్ననాడు, వానిచేత బొమ్మలు వేయించి, ఆ బొమ్మలను చూచి వాని మనస్సులో నేమున్నదో చెప్పి, దానికి మందు కూడ బొమ్మలలోనే కలదని తల్లిని నమ్మించి రుసుము పుచ్చుకొనువానికి మాత్రము, వారాంతపు శిక్షణ యొకటి ముగించి గోడకు తగిలించుకొన్న సర్టిఫికెట్టు చాలుచున్నది. అదియును లేకున్నను అడుగువారు కానరారు.

ఇట్లంటినని ఈ విద్యను నేను తృణీకరించుచున్నానని తలపవలదు. 1938లో క్షయరోగియై ఇంగ్లండులోని మిడ్‌హర్స్టు శానిటోరియమున చేరిన ఏడ్రియన్ హిల్ అను చిత్రకారుడు, మంచముపైనుండియే బొమ్మలు గీసికొనుచు, ఆ గీతలు తనకు దినములు గడుపు ఉపాయము మాత్రమే గాక బ్రతుకుమీది ఆసక్తిని తిరిగి యిచ్చుచున్నవని గ్రహించి, తోటి రోగుల చేతులకును పెన్సిళ్లు అందించి, 1942లో ఈ పనికి ఆర్ట్ థెరపీ అని పేరు పెట్టెను. యుద్ధానంతరము, 1946లో, సర్రే మండలములోని నెథర్న్ మానసిక వైద్యాలయమున ఎడ్వర్డ్ ఆడమ్సన్ అను మఱియొక చిత్రకారుడు రోగుల కొఱకు చిత్రశాల నడపనారంభించెను. వైద్యులు ఆ బొమ్మలను పరిశోధనకై కోరుచున్నను, తాను మాత్రము వాటికి అర్థములు చెప్పుటకు పూనుకొనక, రోగిచెంత మౌనముగా కూర్చుండి, వాని చేతికి వలసిన రంగు నందించుటయే తన ధర్మమని యెంచెను. ఈ విద్య పుట్టుకలో నున్న ఆ వినయమును చూచి నే నెప్పుడును చేతులు జోడింతును. నేడు మన నగరములలో కొందఱు దీనిని నడుపు తీరు చూచినప్పుడు మాత్రము, ఆడమ్సన్ చేయనొల్లని పనినే, అనగా బొమ్మను చదివి మనిషికి తీర్పు చెప్పుటనే, వారు మొదటి పనిగా పెట్టుకొన్నారని తోచును.

ఒక తల్లి తన కుమారుడు వేసిన బొమ్మను, దానిపై ఒక కేంద్రమువారు టైపు చేసి యిచ్చిన నివేదికను నాయొద్దకు తెచ్చినది. బొమ్మలో ఒక మనిషి నిలుచుండియున్నాడు. చేతులు రెండును వీపు వెనుక నున్నవి. నివేదికలో, చేతులు దాచుట అపరాధభావమునకును నిస్సహాయతకును సూచకమనియు, పండ్రెండు వారములు చికిత్స అవసరమనియు నున్నది. అయ్యా, చేతులు గీయుట యెంత కష్టమో డ్రాయింగు మాస్టరును అడుగుడు! అరచేయియు, ఐదు వ్రేళ్లును, వాటి మడతలును కుదురుట యనునది కళాశాలలో చదివినవారికిని ఏండ్లు పట్టు విద్య. నా చేతిక్రింద నేర్చిన పిల్లలందఱును మనిషిచేతులను జేబులలోనో, వీపు వెనుకనో, పొలము గట్టు చాటుననో దాచినవారే. ఆ బాలునికి మనోవ్యథ లేదని నేననను, ఉండవచ్చును. కాని ఆ చేతులు దానికి సాక్ష్యము కానేరవు.

ఇది నా యొక్కని అనుమానము కాదు. మనిషిబొమ్మను బట్టి దానిని వేసినవాని స్వభావమును నిర్ణయించు పద్ధతిని అమెరికాలో కారెన్ మాకోవర్ అను మనోవిజ్ఞానవేత్త 1949లో గ్రంథస్థము చేయగా, అది ఆ దేశపు వైద్యాలయములలో బహుళ ప్రచారము పొందెను. 1967లో లోరెన్ చాప్‌మన్, జీన్ చాప్‌మన్ అను దంపతులు దానిని పరీక్షకు పెట్టిరి. వారు కొన్ని మనిషిబొమ్మలను తీసికొని, వాటికి రోగలక్షణములను ఏ సంబంధమును లేకుండ ఇష్టము వచ్చినట్లు జతపఱచి, మనోవైద్యమున ఓనమాలైనను ఎఱుగని విద్యార్థులకు చూపి, ఏ గీతకు ఏ లక్షణము తోడుగా వచ్చుచున్నదో చెప్పుడని యడిగిరి. బొమ్మలకును లక్షణములకును నిజముగా ఏ పొత్తును లేకున్నను, కన్నులు వింతగా నున్న బొమ్మలు అనుమానపు మనుష్యులవని ఆ విద్యార్థులు చెప్పిరి. అనుభవజ్ఞులైన వైద్యులు తమ వృత్తిలో కనిపెట్టితిమని చెప్పుకొనుచుండినదియు అదియే. అనగా నిపుణుడు బొమ్మలో చూచినదానిలో పెద్దపాలు, బొమ్మను చూడకమునుపే లోకము వాని తలలో పెట్టినదన్నమాట. నిజముగా శిక్షణ పొందిన చికిత్సకుడు ఈ పరిశోధనను చదివి, తన కంటిని తానే శంకించుట నేర్చియుండును; బొమ్మకు అర్థము తాను చెప్పక, వేసినవానిచేత చెప్పించును. వారాంతపు శిక్షణలో దొరకనిది ఈ శంకయే.

మన నేలమీద ఈ ప్రమాదము మఱింత పెద్దది. కార్తికమాసమున నాగుల చవితినాడు తల్లి వెంట పుట్టకు పోయి పాలు పోసివచ్చిన బాలిక, మఱునాడు బడిలో పడగ విప్పిన పామును గీసినచో, విదేశ గ్రంథమును ముందుంచుకొని చదువువారు అందులో భయమును, మఱియు చెప్పకూడని అర్థములను వెదకుదురు. ఆ బాలికకో, అది పండుగ. ఇట్టి తప్పు కేవలము హాస్యాస్పదమై యూరకుండదు. 2012 నాటి పోక్సో చట్టము 19వ సెక్షను ప్రకారము, పసిపిల్లపై లైంగికాపరాధము జరుగునన్న భయము గాని, జరిగినదన్న యెఱుక గాని కలిగిన ప్రతివారును పోలీసులకు తెలుపవలసియున్నది, తెలుపకుండుట నేరము. బొమ్మలో లేనిదానిని చూచువాడు ఒక నిర్దోషి కుటుంబమును ఠాణా మెట్లెక్కించగలడు; ఉన్నదానిని చూడనేరనివాడు ఆ పిల్లను తిరిగి అపరాధి యింటికే పంపగలడు. ఈ రెండింటి నడుమ అంగుళము వెడల్పు దారిలో నడువవలసిన వృత్తికి రాజ్యము హద్దు లేర్పఱుపదా?

ఇక, నాకు అన్నింటికంటె ముఖ్యమని తోచు సంగతి ఒకటి కలదు. దానిని తాము కొంత ఓపికతో ఆలకింప ప్రార్థించుచున్నాను. రోగి వేసిన బొమ్మ ఎవరిది? మాటలతో చికిత్స చేయువారియొద్ద రోగి చెప్పిన మాట గాలిలో కలిసిపోవును, చికిత్సకుని చీటిలో నాలుగు పంక్తులు మాత్రము మిగులును. బొమ్మ అట్లు కాదు. అది వస్తువు, మిగిలియుండును, చేతులు మాఱును, గోడ కెక్కును. జర్మనీలోని హైడెల్‌బర్గు మనోవైద్యశాలలో హాన్స్ ప్రింజ్‌హార్న్ అను వైద్యుడు నానా ఆశ్రమములలోని రోగులు వేసిన వేలకొలది చిత్రములను సేకరించి, 1922లో వాటిపై నొక గొప్ప గ్రంథమును ప్రకటించి, ఐరోపా చిత్రకారులను ఆశ్చర్యచకితులను గావించెను. ఆయన ఉద్దేశము నిర్మలమే. కాని అధికారము చేపట్టిన నాజీలు, ఆయన మరణించిన పిమ్మట, 1937లో మ్యూనిక్కున ఆరంభించి ఊరూర త్రిప్పిన ‘దిగజారిన కళ’ ప్రదర్శనలో, ఆధునిక చిత్రకారులను పిచ్చివారితో పోల్చి అవమానించుటకై, ఆ సంచయములోని రోగుల చిత్రములను కూడ ప్రక్కన వ్రేలాడదీసిరి. ఆ సంచయములోని మేటి చిత్రకారులలో నొకడైన ఫ్రాంజ్ కార్ల్ బ్యూలర్ అను లోహశిల్పిని, 1940లో గ్రాఫెనెక్కులో, రోగులను హతమార్చు ప్రభుత్వ పథకము క్రింద చంపిరి. మేలుకోరి ప్రోగుచేసిన చిత్రమే కీడు తలచువాని చేతికి చిక్కుటకు, మనిషి యొకడు పోయి మఱియొకడు వచ్చుట తప్ప వేఱేమియు అక్కఱలేకపోయినది.

మన దేశమున అట్టి దారుణము లేదు. కాని చిన్న దారుణములు ప్రతిదినము జరుగుచున్నవి. చికిత్స కేంద్రములవారు తమ ప్రతిభకు నిదర్శనముగా, ఆటిజమున్న పిల్లల బొమ్మలను, ఆత్మహత్యకు యత్నించి బ్రతికిన యువతుల బొమ్మలను, ‘ముందు’, ‘తరువాత’ అని జతలుగా కూర్చి, వాట్సాపు గుంపులలోను, ప్రకటనలలోను పంచుచుండుటను నేను చూచితిని; ఒకదానిలో పిల్లవాని పేరును, తరగతియు కూడ బొమ్మ మూలను అట్లే యుండెను. 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము, చికిత్సాలయములో నున్న రోగి ఛాయాచిత్రమును గాని అతనికి సంబంధించిన సమాచారమును గాని అతని సమ్మతి లేక పత్రికలవారి కీయరాదని 24వ సెక్షనున శాసించినది. అయితే ఆ చట్టము మానసిక ఆరోగ్య నిపుణులుగా పేర్కొన్నవారిలో బొమ్మలతో చికిత్స చేయువారు లేరు. కావున తాము రూపొందింపనున్న వృత్తి నియమావళిలో మొట్టమొదటి నియమముగా, రోగి చికిత్సలో వేసిన బొమ్మ రోగి సొత్తనియు, అది వైద్య రికార్డువలె గోప్యమనియు, వ్రాతమూలకమైన సమ్మతి లేక దానిని ప్రదర్శించుట గాని, ప్రతి తీయుట గాని, అమ్ముట గాని లైసెన్సు రద్దుకు కారణమగుననియు, ఆ సమ్మతిని ఎప్పుడైనను వెనుకకు తీసికొనవచ్చుననియు చేర్పవలెను. చికిత్సకుడు మరణించినచో, లేక కేంద్రము మూతపడినచో ఆ బొమ్మలు ఎవరికి చేరవలెనో కూడ అందుండవలెను. హైడెల్‌బర్గు కథలో ఆలోచింపబడనిది ఈ సంగతియే గదా.

లైసెన్సు అనగానే, దానికి లోబడనివారినందఱిని దొంగలుగా చూచు జాడ్యము మన కార్యాలయములకు కలదు. ఆ భయముచేతనే ఈ మాట వ్రాయుచున్నాను. అంగన్‌వాడీలో పిల్లలచేత రంగులు పూయించు ఆయమ్మను, వృద్ధాశ్రమములో కాగితములు పంచి కాలక్షేపము కలిగించు పుణ్యాత్ములను, ఖైదీలకు తన విద్య నేర్పదలచిన చేర్యాల నకాషీ చిత్రకారుని, నావంటి డ్రాయింగు మాస్టర్లను ఈ చట్టము తాకరాదు. వాకిట ముగ్గు పెట్టుకొని మనస్సు తేలికపఱచుకొను ఇల్లాలికి ఏ రిజిస్టరుతోను పనిలేదు. బొమ్మ వేయుటకు గాని వేయించుటకు గాని అనుమతి అక్కఱలేదు. చికిత్స యను పేరు పెట్టుకొనుటకును, రోగనిర్ణయము చేయుటకును, అందులకు సొమ్ము పుచ్చుకొనుటకును మాత్రమే అనుమతి వలయును. బ్రిటనువారు 1997లో ఈ వృత్తిని రాజ్యపు నమోదు క్రిందికి తెచ్చినప్పటినుండియు ఇంచుమించు ఇదే మార్గమున నడచుచున్నారు: అక్కడ బొమ్మ వేయించుట నేరము కాదు, నమోదు కానివాడు ఆ బిరుదు ధరించుట నేరము, ఎవని పేరు రిజిస్టరులో నున్నదో లేదో ఎవరైనను వెదకి చూచుకొనవచ్చును. నృత్యచికిత్సకులను ఆ రిజిస్టరునందు చేర్పనేలేదు. మనవారు కళాచికిత్సకులను కదలికల చికిత్సకులలో కలిపివేసిరి. ఎవరి లెక్క వారిది. రెండును వేర్వేఱు శిక్షణలు గలవి యని గ్రహించి, పాఠ్యప్రణాళికలైనను తాము వేఱుగా నిర్ణయింతురని ఆశించుచున్నాను.

న్యూయార్కు రాష్ట్రమువారు 2002లో చట్టము చేసి, 2005 నుండి సృజనాత్మక కళాచికిత్సకులకు లైసెన్సు లిచ్చుచున్నారు. స్నాతకోత్తర పట్టము, దానిపై పెద్దల పర్యవేక్షణలో 1500 గంటల అనుభవము, పరీక్ష, ఇవి అక్కడి నిబంధనలు. వీనికంటె నన్ను ఆకర్షించినది వారి చట్టములోని మఱియొక నియమము: స్కిజోఫ్రెనియా, బైపోలార్ వ్యాధి, తీవ్రమైన కుంగుబాటు, ఆటిజము మున్నగు గట్టి వ్యాధులు గలవారికి, వైద్యుని పరీక్షయు సంప్రదింపును లేకుండ ఎడతెగక చికిత్స సాగించుట, లైసెన్సు ఉన్నవానికైనను తన యోగ్యతను మీఱుటయే యగునని అందున్నది. తమ నియమావళిలో ఇట్టి వాక్యము లేనినాడు, రంగులమీది నమ్మకముతో మాత్రలు మానిపించువారు లైసెన్సు చేతబట్టుకొనియే ఆ పని చేయుదురు.

శిక్షణ విషయమున మన చట్టము, ఆరోగ్యసంరక్షణ వృత్తినిపుణుడనిపించుకొనుటకు 3600 గంటలకు తక్కువ కాని పట్టవిద్యను, అనుబంధ వృత్తివానికి 2000 గంటలకు తక్కువ కాని విద్యను విధించినది. గంటల లెక్క మంచిదే; కాని ఆ గంటలలో పెద్దపాలు తరగతిగదిలో గాక రోగి యెదుట, అనుభవజ్ఞుని కంటిక్రింద గడువవలెను. అందులకు తెలుగునాట స్థలములకు కొఱత లేదు: హైదరాబాదున ఎర్రగడ్డ మానసిక వైద్యాలయము, విశాఖపట్నమున ప్రభుత్వ మానసిక వైద్యశాల, సికిందరాబాదున 1984 నుండి బుద్ధిమాంద్యము గలవారికై నడచుచున్న జాతీయ సంస్థ, ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి, ఇవన్నియు శిక్షణార్థులను చేర్చుకొనదగినవే. ఆ రోగులలో అధికులు తెలుగో, ఉర్దూయో మాటలాడువారు. కావున అభ్యర్థి రోగి భాషలో రోగిచేత తన బొమ్మను గుఱించి మాటలాడింపగలడా లేడా యనునది పరీక్షలో ఒక భాగము కావలెను. ఆంగ్లములో పరీక్ష వ్రాసి, ఆంగ్లములో నివేదిక టైపు చేసి, శ్రీకాకుళము నుండి వచ్చిన కూలివాని బొమ్మకు అర్థము చెప్పువానికి పట్టా ఈయరాదు.

ఇప్పటికే ఈ వృత్తిలో నిజాయితీగా పనిచేయుచున్నవారిని గుఱించి కూడ ఆలోచింపవలెను. విదేశములలో చదివి వచ్చినవారును, ఈ దేశములోనే ఆసుపత్రులలో పెద్దలచెంత నేర్చుకొన్నవారును కొందఱు కలరు. పట్టము ఉండవలసిన రూపములో లేదన్న కారణముచేత వారిని వెడలగొట్టినచో, రేపటి విద్యార్థులకు గురువులే కఱవగుదురు. వారు చేసిన పని రికార్డును, వారితో పనిచేసిన వైద్యుల మాటను, ఒక మౌఖిక పరీక్షను ఆధారము చేసికొని నమోదునకు తావీయవలెను. అయితే దానికొక గడువుతేదీ నిర్ణయించి, ఏ మంత్రి కోరినను ఆ తేదీని పొడిగింపరాదు. ఇది మొగమాటము లేని మాట. మన దేశములో తాత్కాలిక సదుపాయములకు ఎంతటి దీర్ఘాయువో తమ రెఱుగనిది కాదు.

తుదకు ఫిర్యాదుల సంగతి. చట్టము ప్రకారము రాష్ట్రములలో నెలకొనవలసిన మండలులయొద్ద, మోసపోయిన తల్లి తెలుగులో ఒక కాగితముమీద తన గోడు వ్రాసి, రుసుము లేకుండ ఇచ్చుటకు వీలుండవలెను. ఆ విచారణలో పిల్లవాని బొమ్మను సాక్ష్యముగా చూడవలసివచ్చినచో, మూసిన గదిలో చూచి తిరిగి ఆ తల్లికే ఈయవలెను. కళాచికిత్సకుల నియమావళి ముసాయిదాను ఆంగ్ల గెజెట్టులో ప్రకటించి ఊరకుండక, తెలుగులో కూడ ప్రకటించి, అభిప్రాయములు తెలుపుటకు కనీసము అఱువది దినములైనను గడువిచ్చినచో, నావంటి డ్రాయింగు మాస్టర్లును, పిల్లల తల్లులును చెప్పగలిగినది చాల కలదని మనవి చేసికొనుచున్నాను.

ఇట్లు
తమ విధేయుడు,
ఒక విశ్రాంత చిత్రలేఖనోపాధ్యాయుడు